కుప్ప మీది పట్ట తీసి కిటికీకి కట్టిన కథ

పాత సినిమా చూసి తలనొప్పి తెచ్చుకున్నవాళ్లు ఉంటారు. ట్రాలీ నిండేన్ని శెనక్కాయలు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం మీరు చూసి ఉండరు. కంబదూరు పక్కన మా ఊరికి వస్తే చూడొచ్చు. నా పేరు అడగనక్కర్లేదు, "సినిమాయన ఇల్లు యాడ?" అంటే చాలు, పిల్లలు కూడా చూపిస్తారు.

సంగతి నాలుగేళ్ల కిందటిది. అంతకుముందు వరుసగా మూడేళ్లు వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. అలాంటిది ఆ ఏడు ఏ దేవుడు చూశాడో, చెట్టు పెరికితే కాయలు గుత్తులుగా వచ్చాయి. కాయలు విడిపించి ఇంటి ముందు కళ్లంలో పోశాం. పగలు ఎండలో ఆరబెట్టడం, సాయంత్రం కుప్ప చేసి పైన నీలం టార్పాలిన్ పట్ట కప్పడం. ఇంకో రెండు ఎండలు తగిలితే బండికెత్తడమే. నా భార్య రత్నమ్మ అన్నం తింటూ కూడా ఆ కుప్ప వైపే చూసేది.

సరిగ్గా అప్పుడే మా బావమరిది ఓబులేసు దిగాడు. కణేకల్‌లో పెళ్లిళ్లకు సౌండు బాక్సులు, గోడ మీద బొమ్మ పడే మిషను బాడుగకిస్తాడు. ఏదో పెళ్లి ముగించుకుని ఆ సామానుతోనే వచ్చాడు. కాలువ నీళ్లు తాగినవాడు కదా, మా ఊరికి వచ్చినప్పుడల్లా మా చేలు చూసి జాలిపడతాడు. ఆ జాలి నాకు గిట్టదు.

మాటల్లో మాటగా నా సినిమా ప్రస్తావన వచ్చింది. తొంభైల్లో డేరా టాకీసులో నేల టిక్కెట్టు మీద పదిహేడు సార్లు చూసిన సినిమా. పేరు చెప్పను, అభిమానులతో నాకెందుకు? ఆ హీరోలా మెడ దాకా జుట్టు పెంచి నాయన చేత తన్నులు తిన్నాను. ఇక ఆఖరి ఫైటు ఉంది చూడండి, కుండపోత వానలో హీరో, విలనూ కొట్టుకుంటూనే ఉంటారు. నా బతుకులో అంత వాన ఒక్కచోట చూడడం అదే మొదలు.

"ఆ ఫైట్లో వాన యాడుండాది బావా?" అన్నాడు ఓబులేసు. "దుమ్ములో గదా కొట్టుకుంటారు."

నాకు ఒళ్లు మండింది. "పదిహేడు తూర్లు చూసినోన్ని నేనా, నువ్వా?"

"ఎన్ని తూర్లు చూసినా దుమ్ము దుమ్మే."

ఇక తేల్చాల్సిందే. ఇప్పుడే, ఈ మధ్యాహ్నమే. చీకటి పడ్డాక చూద్దామని ఓబులేసు బతిమాలినా వినలేదు. పట్టపగలు గోడ మీద బొమ్మ కనబడాలంటే ఇల్లు చీకటి చేయాలి. తలుపుకు దుప్పట్లు కట్టాను. పెద్ద కిటికీ మిగిలిపోయింది. నా కళ్లు కళ్లం వైపు మళ్లాయి. మబ్బు చూసి రత్నమ్మ ఆ రోజు ముందే కుప్ప చేసి పట్ట కప్పింది. తర్వాత ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు. ఊహించినా ఆపలేరు లెండి, రత్నమ్మ వల్లే కాలేదు.

"పడమటి పక్క మబ్బు ఉండాది. ఆ పట్ట ముట్టొద్దప్పా," అంది ఆమె.

"మన ఊరికి వానా? కాళ్లు పట్టుకున్నా రాదు," అని పట్ట తెచ్చి, గాలికి ఊడకుండా ఏడు ముళ్లు వేశాను.

ఓబులేసు ఫోన్లో వెతికి మిషనుకు తగిలించగానే సినిమా మొదలైంది. నలభై దాటిన హీరో ఒక్క నోటుపుస్తకం చంకన పెట్టుకుని కాలేజీ గేటు దాటాడు. "కొడుకును చేర్పించేదానికి వచ్చినాడా?" అని రత్నమ్మ అడిగింది. ముప్పయ్యేళ్ల కిందట నాకు ఈ అనుమానం ఎందుకు రాలేదో తెలియదు. హీరో చేష్టలు చూస్తుంటే నా మెడ మీద లేని జుట్టు దురద పెట్టింది. అయినా పంతం పంతమే, ఫైటు వచ్చేదాకా లేవనివ్వనన్నాను.

ఫైటు వచ్చింది. మండుటెండ. దుమ్ము. ఓబులేసు నా వైపు తిరిగాడు. నా తల వాలిపోయే సమయానికి టపటపమని మొదలై, హోరున వాన చప్పుడు.

"విన్యావా?" అన్నాను మీసం దువ్వుతూ.

"బొమ్మలో ఎండ కాస్తాండాది గదా బావా."

"ఇది కొత్త కాపీ. శుభ్రం చేసేటప్పుడు బొమ్మలో వాన తుడిచేసినారు. సౌండులో తుడిచేది మర్సిపోయినారు."

నవ్వకండి. మా వైపు ఇంట్లో వాన చప్పుడు వినిపిస్తే ఎవరైనా ముందు టీవీనే అనుమానిస్తారు.

మూలన కూర్చున్న మా అమ్మకు చెవులు వినపడవు. ముక్కు మాత్రం ఎగబీల్చి, "ఒరే, మట్టివాసన వస్తాండాది," అంది. డేరాలో నేల మీద నీళ్లు చల్లేవాళ్లు, ఆ వాసన గుర్తొచ్చిందని ఆమె చెవిలో అరిచి చెప్పాను. రత్నమ్మ లేచింది. "ఫైటు అయినంక వానే నిలుస్తాది, కూర్చో," అన్నాను. ఆమె నాతో వాదించకుండా తమ్ముడితో బాక్సులు ఆపమంది.

ఓబులేసు ఆపాడు. గోడ మీద హీరో చప్పుడు లేకుండా గుద్దుతున్నాడు. సినిమా చప్పుడు ఆగింది, వాన చప్పుడు ఆగలేదు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. మా ఇంట్లో చెవిటి అమ్మతో సహా అందరికీ తెలిసింది, నాకు తప్ప. పరుగెత్తి పట్ట లాగితే నా ఏడు ముళ్లూ రాలేదు. కొడవలితో కోసి బయటికి వచ్చేసరికి మడమల లోతు నీళ్లు. మూడేళ్లు ఎదురుచూసిన కాయలు వరుసగా రోడ్డు కేసి తేలిపోతున్నాయి. బురదలో కూలబడి ఏడ్చాను, సిగ్గెందుకు, నిజంగానే ఏడ్చాను.

ఓబులేసు చొక్కా విప్పి కాయలు ఎత్తుతూ మెల్లగా అన్నాడు, "డేరాలో రీళ్లు అరిగిపోయి గీతలు పడతాండె బావా, గరగరమని సౌండు. నువ్వు పదిహేడు తూర్లు చూసిన వాన అదే."

ఎప్పుడూ వాన ఎరగనివాడికి గీతలు వాన అయ్యాయి, వాన వచ్చిననాడు అది సినిమా అయింది. దక్కింది నాలుగు మూటలు. ముసురు రెండు రోజులు విడవలేదు, మిగిలినవి మొలకెత్తితే మేకలు తిన్నాయి. రత్నమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె నాకు తుండుగుడ్డ ఇచ్చి, "కరువుకు పోయిన పంట చూసినా, వానకు పోయిన పంట చూసినా. సినిమాకు పోయింది నీ దయ వల్ల చూసినా," అని మాత్రం అంది.

ఆనాడే తడి పట్ట మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. ఇక జన్మలో పాత సినిమా చూడను. చూసినా పగలు చూడను. పగలు చూసినా ఆరుబయట కుప్ప మీదే కూర్చుని, బొమ్మ కనబడకపోయినా చూస్తాను. రత్నమ్మ నా ప్రమాణం నమ్మలేదు. పట్ట మడిచి పెట్టెలో పెట్టి, తాళంచెవి మా అమ్మ కొంగుకు కట్టింది. ఇప్పుడు మా ఇంట్లో వాన వచ్చిందో లేదో మా అమ్మ ముక్కే తేల్చాలి.