ఫైర్‌వాల్ మీది రెండు బొట్లు

యంత్రానికి బొట్టు పెట్టడమంటే నాకు ఒళ్లు మంట. హన్మకొండలోని మా కాలేజీలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పాను. ప్రతి దసరాకూ స్టాఫ్ రూములో ఇదే గొడవ పెట్టుకున్నాను. కంప్యూటర్‌కు కరెంటు చాలు, భక్తి ఎందుకని వాదించాను. దసరా వెళ్లిన వారానికి, ల్యాబ్‌లో ఇంటర్నెట్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టె మీద ఒక కుంకుమ బొట్టు, ఒక పసుపు బొట్టు కనబడ్డాయి. ఊరుకుంటానా? దానికున్న మూడు వైర్లూ పీకి, తడిబట్టతో శుభ్రంగా తుడిచి, మళ్లీ గుచ్చాను. వైర్లన్నీ నీలం రంగువే. అవి గుచ్చే పోర్టులన్నీ ఒకే తీరు. ఏది ఎందులో ఉంటే ఏమిటనుకున్నాను.

అప్పటికి పొద్దున తొమ్మిదయింది. పదింటికి ఆన్‌లైన్ ప్రవేశ పరీక్ష. తొర్రూరు నుంచి, రఘునాథపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చిన పిల్లలు నలభై మంది వరండాలో హాల్ టికెట్లు పట్టుకుని నిలబడ్డారు.

తొమ్మిదీ ఇరవైకి చూస్తే ఏ కంప్యూటర్‌కూ నెట్ లేదు.

ల్యాబ్ చూసే ఆమెది ఖిలా వరంగల్. నాకంటే చిన్నదే అయినా అందరితోపాటు నేనూ ఉర్దూలో అక్కా అన్నట్టు ఆపా అనే పిలిచేవాణ్ణి. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి, "పరీక్ష ఆగిందో, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు" అని ఆమెతో అనేసి వెళ్లిపోయాడు. తప్పు నాదేనేమోనని నాకప్పటికే అనుమానం. అయినా నోరు మెదపలేదు.

ఆపా పెట్టె దగ్గరికి వంగింది.

"బొట్లేవి? ఎవరు తుడిసిండ్రు?"

"నేనే. వైర్లు కూడా నేనే పీకి పెట్టిన."

"అయ్యో సార్! పూజ అనుకున్నరా? నేను పూజ చేస్తనా? అవి నా గుర్తులు. కుంకుమది బయటి లైన్, పసుపుది ల్యాబ్ లైన్, బొట్టు లేంది ఆఫీసుది. మార్కర్ ఎండిపోయింది. క్లర్క్ సార్ పూజ పొట్లం ఈడనే ఉండె, దాంతోని పెట్టిన."

నా చెవులు వేడెక్కాయి. ఆమె మాట్లాడుతూనే ల్యాప్‌టాప్‌ను ఒక్కొక్క పోర్టుకూ కలిపి చూసింది. ల్యాప్‌టాప్‌కు నెట్ అడ్రస్ ఇచ్చిన రెండూ లోపలి పోర్టులు, ఒకటి ల్యాబ్‌ది, ఒకటి ఆఫీసుది. ఇవ్వనిది బయటిది. బయటి పోర్టు నుంచి వచ్చినదేదైనా ఫైర్‌వాల్ అనుమానించి ఆపుతుంది. లోపలి పోర్టు నుంచి వచ్చినదాన్ని నమ్ముతుంది. మా ల్యాబ్ వైరు బయటి పోర్టులో ఉందని తర్వాత తేలింది. నలభై కంప్యూటర్లనూ ఫైర్‌వాల్ దొంగల్లా గేటు దగ్గరే నిలబెట్టేసింది. పుట్టుకతో పోర్టులన్నీ సమానమే, ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ఏ పోర్టుకు ఏ పని అప్పగించారో అడక్కుండా చెయ్యి పెట్టాను.

ల్యాప్‌టాప్ తెర మీద నాలుగు లైన్ల పేర్లున్నాయి. "పోర్టులు మూడే గదా?" అన్నాను.

"నాలుగోది పరీక్ష లైన్ సార్. ల్యాబ్ పోర్టు లోపల్నే నడుస్తది, దానికి వేరే పోర్టుండదు. కంటికి కనబడనిది నమ్మనంటరు గదా, జర దీన్ని నమ్ముండ్రి."

"పరీక్షించి చూపిస్తే నమ్ముత."

"పరీక్ష పేజీ తెరుచుకుంటే అదే రుజువు. ముందుగాల కిందికి ఉరకుండ్రి. ఆఫీసుల నెట్ వచ్చే ఫైబర్ డబ్బా ఉంటది, దాని వైరు పీకుండ్రి. వైర్లన్నీ ఒక్క తీరే ఉన్నయి, ఈడ ఏ లైటు ఆరితే అదే బయటి వైరు."

తొమ్మిదీ ముప్పై ఎనిమిది. మెట్లు దిగాను. ఆపాకు ఫోన్ చేసి, అది చెవికి పెట్టుకుని వైరు పీకాను.

"ఆరింది! ఇగ పెట్టుండ్రి!"

నేను పైకి వచ్చేసరికి ఆమె బయటి వైరు దాని చోట పెట్టి, మిగిలిన రెండూ మార్చి చూసి సరిచేసింది. పదికింకా పన్నెండు నిమిషాలు ఉందనగా మొదటి కంప్యూటర్‌లో పరీక్ష పేజీ తెరుచుకుంది. తర్వాత పక్కది, ఆ పక్కది.

పిల్లల్ని లోపలికి పంపుతుంటే ప్రిన్సిపాల్ మళ్లీ వచ్చాడు. "ఏం తప్పు చేసినవ్ ఆపా?"

"వైర్ లూజ్ అయింది సార్," అందామె, నా వైపు చూడకుండా.

"కాదు. పూజ బొట్లనుకుని ఆమె పెట్టుకున్న గుర్తులు నేను తుడిచిన, వైర్లు తారుమారు చేసిన. ఆమె లేకపోతే ఈ పరీక్ష లేదు," అన్నాను, ఇన్విజిలేటర్లు వింటుండగానే.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "పరీక్ష అయ్యేదాక మీరు ఆ గదిల కాలు పెట్టకుండ్రి సార్."

మూడు గంటలు వరండాలో, తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాను. లోపల ఎవరు చెయ్యెత్తినా మళ్లీ నెట్ పోయిందేమోనని లేచి కిటికీలోంచి చూశాను. ఒంటి గంటకు తలుపు తెరుచుకుంది. మొదట బయటికొచ్చిన అమ్మాయి తండ్రి దగ్గరికి పోయి, "పేపర్ మస్తు కష్టమొచ్చింది నాయినా" అని ముఖం ముడుచుకుంది.

ఆమె ఫిర్యాదు పేపర్ మీదే, నెట్ మీద కాదు. నేను లేచి టీ తాగడానికి పోయాను.