గుర్వమ్మ గుంపు, ఇరవై ఆరు మంది

గుర్వమ్మ అంటే నాకు కుళ్ళు. ఆ సంగతి దాచి ఆమె గురించి రాస్తే రాసిందంతా అబద్ధమే అవుతుంది.

గొర్లు కాసే ఇంట్లో పుట్టింది. బడి మొహం చూడలేదు. మందలో ఎన్ని జీవాలున్నాయో ఒక్క చూపులో చెప్పడం మాత్రం చిన్నప్పుడే అబ్బింది. కేతేపల్లి దగ్గరి పత్తి మిల్లులో పనికి చేరాక ఆ విద్యే ఆమెను మాకు పెద్దను చేసింది. ఆ మిల్లు గేటు దగ్గర మనిషి మనిషి పేరూ రాసే అలవాటు లేదు. గుంపు పెద్ద పేరు, పక్కన తలల లెక్క, అంతే. ‘గుర్వమ్మ, ఇరవై ఆరు’ అని రాసుకుని లోపలికి వదిలేవాళ్ళు. ఆ ఇరవై ఆరులో ఆమె కూడా ఒకతె. మాలాగే పొద్దంతా దుమ్ములో కూర్చొని పత్తిలోని ఆకు చెత్త ఏరేది.

నేను పదో తరగతి పాసయ్యాను. ఏం లాభం? సూపర్‌వైజరు ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు, నన్ను ‘ఓ పిల్లా’ అనేవాడు. నలభై ఏళ్ళు వచ్చినా పిల్లనే. మధ్యాహ్నం అందరూ సద్దులు ఆమె చుట్టే విప్పేవాళ్ళు. ఆమె పచ్చిపులుసుకు ఉన్న గిరాకీ నా కోడిగుడ్డు కూరకు ఉండేది కాదు. చిన్న విషయాలే. కడుపు మండడానికి అవి చాలు.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, పీఎఫ్ అడిగామని మిల్లువాళ్ళు మమ్మల్ని గేటు బయటే ఆపేశారు. పదకొండేళ్ళు చేసిన పని, మళ్ళీ ఇప్పించమని లేబర్ కోర్టుకు వెళ్ళాం. అక్కడ మిల్లువాళ్ళు ‘వీళ్ళు మా మనుషులే కారు. గుర్వమ్మ కంట్రాక్టరు, మిగతావాళ్ళు ఆమె కూలీలు’ అన్నారు. గేటు పుస్తకంలో ఉన్నది ఆమె పేరొక్కటే కదా. అది తెలిసి మావాళ్ళు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఇక్కడ కూడా ఆమేనా అనిపించింది.

మాలో కొందరం ఒక్కొక్కరం ఒక్కో రోజు సాక్ష్యం చెప్పాం. రెండో సాక్షిని నేను. బోనెక్కగానే మిల్లు వకీలు ‘ఉమారాణి గారూ’ అన్నాడు. ఆ ‘గారు’కే ఉబ్బిపోయాను. గుర్వమ్మ ఏం పని చేస్తుందని అడిగాడు.

“ఆమె పత్తి ముట్టదు సార్. మా మీద పెత్తనం చేస్తది,” అన్నాను.

వెనక బెంచీ మీద గుర్వమ్మ కూర్చుని ఉంది. నేను అటు చూడలేదు.

ఐదేళ్ళకు తీర్పొచ్చింది. మా దావా కొట్టేశారు. నల్లగొండలో మా వకీలు హనీఫా మేడం ఇంటి వరండాలో ఇరవై ఆరుగురం చేరాం. మేడం తీర్పు తెలుగులో చెప్పింది.

“గుర్వమ్మ పని చెయ్యది, చేయిస్తదని మీ రెండో సాక్షే చెప్పింది, గందుకే ఆమె కంట్రాక్టరేనని రాసిన్రు. హైకోర్టుకు పోదాం. కానీ గా మాట తప్పని గా సాక్షే ప్రమాణ పత్రం ఇయ్యాలె. అప్పుడు ఎందుకట్ల చెప్పిందో గూడ రాయాలె. లేకుంటే అప్పీలు నిలవది.”

“ఎవలు మేడం గామె?” అని లక్ష్మీనర్సమ్మ అడిగింది. మేడం పేరు బయటపెట్టకుండా నా వైపు చూసింది.

నేను బోనెక్కిన రోజు కోర్టుకు మాలో వెళ్ళింది గుర్వమ్మ, నేను మాత్రమే. ఇన్నేళ్ళుగా ఆమె ఆ సంగతి ఎవరి చెవినా వేయలేదని అప్పుడు తెలిసింది. ఆ మంచితనానికి కూడా నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుంటే ఇరవై ఆరుగురి బతుకూ అక్కడితో ఆగిపోతుంది.

“నేనే,” అన్నాను. “కుళ్ళుతోని చెప్పిన మేడం. అందరు గుర్వమ్మక్క, గుర్వమ్మక్క అంటుంటె ఓర్వలేక చెప్పిన. గట్లనే రాయుండ్రి.”

మేడం రాసుకుంది. అందరూ కలిసి నన్ను తిట్టిపోస్తారనుకున్నాను. లక్ష్మీనర్సమ్మ తల వంచుకుంది.

“నాకు గూడ ఉండె గా కుళ్ళు. నన్ను నిలవెడితె నేనేమంటుంటినో,” అంది.

“నాకు లేదంటె కండ్లు పోతయి,” అంది నర్సింగమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒకరి వెంట ఒకరు ఒప్పుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

గుర్వమ్మ నవ్వలేదు. కేసు పోయిందన్నప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఉమ సంగతి నాకెరికే. ఒక్కతే గదా అని ఊకున్న,” అంది. “అందరికీ ఉన్నదాయె. మరి గిన్నేండ్లు నేనెవల నడుమ బతికిన?”

మేడం అప్పీలు కాగితాలు ముందుకు జరిపింది. గుర్వమ్మ కళ్ళు తుడుచుకుని వేలిముద్ర వేసింది. నేను సంతకం పెట్టడానికి జాగా ఇచ్చి, వరండా చివరికి వెళ్ళి ఒక్కతే కూర్చుంది.