సిగ్నల్ దొరికిన కిటికీ

వీధి మలుపులో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. నాకు ముక్కుమీద కోపమని అందరూ అంటారు. వాళ్ళు టైపు పిన్ని కోపం చూసి ఉండరు.

ఆవిడ నాకు ఏ వరసా కాదు. రచయితలు చేత్తో రాసిచ్చిన పుస్తకాలను టైపు చేసి ప్రచురణకర్తకు ఇస్తుంది కాబట్టి వీధంతా అలా పిలుస్తారు, నేనూ పిలుస్తాను. పై అంతస్తులో రెండు గదులు, ఒక్కతే మనిషి. ఇంట్లో టీ గ్లాసు కూడా ఒక్కటే. నేను వెళితే అది నా చేతికిచ్చి తను చెంబులో పోసుకుంటుంది. ఒకసారి వైరస్ ఒక నవల మొత్తం మింగేస్తే, నేనే ఆవిడ కంప్యూటర్లో విండోస్ తీసేసి, వైరస్‌లు అంతగా అంటని లైనక్స్ వేశాను. అప్పటినుంచి ఏం వచ్చినా నాకే కబురు.

మొన్న శుక్రవారం పొద్దున్నే వచ్చింది కబురు. ఫైళ్ళు తీసుకెళ్ళడానికి ప్రచురణకర్త ఇక మనిషిని పంపరట, అన్నీ నెట్‌లోనే పంపాలట. సాయంత్రంలోగా చేతిలో ఉన్న పుస్తకం అందకపోతే పని ఇంకొకరికి పోతుంది. పిన్ని అప్పటికే సిమ్ వేస్తే నెట్ వచ్చే డాంగిల్ కొనుక్కొచ్చి బల్లమీద పెట్టుకుని కూర్చుంది.

"లైనక్స్ అనగానే ఆ కొట్టువాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు" అంది.

గుచ్చాను. తెరమీద సీడీ బొమ్మ వచ్చింది.

"ఇదేంట్రా, నేను కొన్నది నెట్ కదా!"

"నెట్టే. లోపల విండోస్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, నేను సీడీని అని బుకాయిస్తోంది. మోడెమ్‌నని ఒప్పుకునేదాకా వదలకూడదు. మొండిఘటం."

"ఎవర్ని అంటున్నావు?"

"దీన్నే పిన్నీ, మిమ్మల్ని కాదు."

వేషం మార్చే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. షాపునుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాను. దెబ్బకి సీడీ మాయమై మోడెమ్ కనిపించింది. సిమ్ కంపెనీ సెట్టింగులు కొట్టాను. అంతా సరిగ్గానే ఉంది, డాంగిల్ మీది ఎర్ర దీపం మాత్రం నీలంగా మారదు. సిగ్నల్ లేదు. పొడుగు వైరు తగిలించి, డాంగిల్‌ని పిల్లిపిల్లలా పట్టుకుని గదంతా తిరిగాను. చివరికి వెనక కిటికీ దగ్గర ఒక గీత వచ్చి పోయింది. కిటికీ నిండా పాత కాగితాల కట్టలు, గడియకు తుప్పు. టవరు అటువైపే ఉంది.

"ఇది తీసి బయటికి వేలాడదీస్తే అయిపోతుంది."

"తీయను."

అప్పుడు చెప్పింది సంగతి. ఆ కిటికీకి ఎదురుగా, చిన్న సందు అవతల, వాళ్ళక్క కిటికీ. అమ్మ పోయాక అక్క ఒక్కమాటైనా అడక్కుండా అమ్మ కుట్టుమిషన్ పట్టుకుపోయిందట. ఆ రోజు వేసిన గడియ ఇది.

"తీస్తే నేను ఒక మెట్టు దిగినట్టే. దాని ఊసెత్తితే ఊరుకోనని వీధిలో అందరికీ చెప్పాను. ఒక్కరూ ఎత్తలేదు."

నేను ఈ వీధికి వచ్చింది ఆ తర్వాతే, ఇదంతా నాకేం తెలుసు? ఒళ్ళుమండింది. "అన్నం పెట్టే పని పోతోంది పిన్నీ! రేపట్నుంచి ఆ పంతాన్నే వండుకు తింటారా?"

పిన్ని లేచి లోపలికి వెళ్ళింది. మొహం కడుక్కుని, జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

"చితికిపోయినట్టు కనపడకూడదు దానికి. ఇప్పుడు తియ్యి" అంది.

కట్టలు దించి, గడియను సుత్తితో కొట్టాను. కిటికీ మూలుగుతూ తెరుచుకుంది. పిన్ని తల ఎత్తుకుని నిలబడింది. ఎదుటి కిటికీలో ఎవరో చిన్నవయసావిడ పిల్లల గౌన్లు ఆరేస్తోంది.

"అయ్యబాబోయ్! ఆ గదిలో ఇప్పుడెవరూ ఉండట్లేదనుకున్నామండీ!"

"మా అక్క..." అంది పిన్ని.

"ముందున్నావిడా? ఆవిడ ఖాళీ చేసి చాలా కాలమైందండీ. మీరు చెల్లెలా? కిటికీ తీస్తే చెల్లెలికి చెప్పమని ఇదిగో, ఈ గోడమీదే ఫోన్ నంబరు రాసి వెళ్ళారు." ఆవిడ గోడవైపు తిరిగి ఆగిపోయింది. "మొన్ననే రంగులేయించామండీ. ఎన్నాళ్ళు చూసినా మీరు తీయలేదు కదా..."

గోడ ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. ముగ్గురం దాన్నే చూశాం. నేను డాంగిల్‌ని కిటికీ ఊచకు కట్టాను. నీలం దీపం వెలిగింది.

ఫైలు వెళ్ళింది. అందిందని జవాబు కూడా వచ్చింది. పిన్ని దాన్ని సరిగా చదవను కూడా లేదు.

"దీంట్లో మనుషులు దొరుకుతారా?"

"పేరు కొట్టి చూడండి."

కీబోర్డు చూడకుండా పుస్తకాలకు పుస్తకాలు కొట్టే మనిషి, అక్క పేరు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఆ పేరుతో డాక్టరమ్మ ఉంది, పాటలు పాడే అమ్మాయి ఉంది, ఎవరెవరో ఉన్నారు. ప్రతి ఫొటోకీ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. "ఇది కాదు. ఇదీ కాదు."

"డేటా అయిపోతుంది పిన్నీ."

"అవనీ."

సాయంత్రానికి దుమ్ము రేగింది. వైరు పట్టేంత సందు వదిలి కిటికీ మూయబోయాను. తెరమీదనుంచి చూపు తిప్పకుండానే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"బార్లా తీసే ఉంచరా. ఎప్పుడైనా ఇటు వస్తే, ఇంకా మూసే ఉందనుకుంటుంది."