ఏ పార్టీదీ కాని చారు

మొన్న మంగళవారం ప్రొద్దుటూరులో, మా స్కూల్ స్టాఫ్ రూములో నోటుపుస్తకాలు దిద్దుకుంటూ ఉండగా జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. మా ఎదురింటి మామ పోయాడు. పొయ్యి ముందు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. నేను బస్సెక్కి చేరేసరికి చర్చి వాళ్ళు ఆయన్ను మంచం మీద పడుకోబెట్టారు. వంటింట్లో మడతపెట్టిన నూడుల్సు పళ్ళెంలో ఆరుతున్నాయి. పక్కనే చారు కాచి మూత పెట్టి ఉంది. మరుసటి రోజు నేను తీసుకుపోవాల్సిన చారు అది. రెండూ తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టాను, ఎందుకో నాకే తెలియదు.

మామ మాకు చుట్టం కాదు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళకీ, చర్చి పండగలకీ ఆయనే వంటమేస్త్రి. అవి ఫ్యాక్షన్ రోజులు. ఎవరింట్లో చెయ్యి కడిగితే వాళ్ళ పార్టీ మనిషే. ఆయన తమ్ముడు ఒక పార్టీలో తిరిగేవాడు. ఎన్నికలప్పుడు ఎదుటి పార్టీ వాళ్ళు భోజనాలు వండమంటే మామ వెళ్ళి వండాడు. వంట ఆయన పని, అంతకు మించి ఆలోచించలేదు. ఆ సాయంత్రమే బాంబులు పడ్డాయి. తమ్ముడి ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి.

"నీ చేతి కూడు తిన్నోళ్ళే నా వేళ్ళు తీసినారు. సచ్చేదాకా నీ వంట ముట్టను" అన్నాడట తమ్ముడు.

మామ సరుకుల ఓడలో వంటవాడిగా వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళకు తిరిగొచ్చి మా ఎదురింట్లో ఒక్కడే ఉన్నాడు. రోజూ రెండు గిన్నెలు కడిగి బోర్లించేవాడు, తినేది మాత్రం ఒకదాంట్లోనే.

ఓడలో పెద్ద వంటమేస్త్రి జపాను మనిషట, తోటి వంటవాడిది గ్వాటెమాలా. ఇద్దరి వంటలూ కలిపి మామ ఒక నూడుల్సు చారు కనిపెట్టాడు. ఎండుచేపలు నానేసి సన్నటి సెగ మీద కాచిన నీళ్ళు జపానువి. నిప్పుల మీద కాల్చిన టమోటాలు, ఎండుమిరపకాయలు, వేయించిన గుమ్మడి గింజలు కలిపి నూరిన ముద్ద గ్వాటెమాలాది. మొక్కజొన్నల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి పొట్టు తీసి చారులో వేసేవాడు. ఆ సున్నపు తేటతోనే గోధుమపిండి కలిపి నూడుల్సు కోసేవాడు. పులుపుకు మాత్రం పులివెందుల నుంచి పచ్చి చీనీకాయలు, అదే బత్తాయిలు, తెప్పించేవాడు.

"మామా, సక్కంగా సంగటీ, నాటుకోడి పులుసూ చేసుకోక ఏందీ తంటా?" అని ఒకసారి ఏడిపించాను.

"అవన్నీ ఆ పొద్దు వాళ్ళకు వండినేటివేగదమ్మీ. ఇది యా పార్టీదీ కాదు. ఇదన్నా వాడు తింటాడేమోనని" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాను.

తమ్ముడి ఇల్లు ప్రొద్దుటూరులో, మా స్కూలు దారిలోనే. ఒక రోజు క్యారియర్‌లో ఒక గిన్నెలో నూడుల్సు, ఇంకో గిన్నెలో చారు పెట్టి మామ నా చేతికిచ్చాడు. తమ్ముడు తలుపు తీసి, విషయం విని, "తీస్కపో తల్లీ" అని తలుపేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆ చారు నేనే తిన్నాను. కొళాయి దగ్గర గిన్నెలు కడిగాను.

సాయంత్రం మామ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కడిగిన గిన్నెలు చూసి ఆయన కళ్ళు వెలిగాయి.

"తిన్యాడా? ఏమన్నాడు?"

నిజం చెప్పడానికి నోరు రాలేదు. బాగుందన్నాడంటే నమ్మడనిపించింది. అన్నదమ్ములన్నాక ఏదో ఒక వంక పెట్టాలి కదా! "ఉప్పు తక్కువైందంట మామా" అన్నాను.

"అట్నా!" అని ఎంత సంబరపడ్డాడో! పై వారం ఉప్పు పెంచాడు. ఇక నాకు దారి దొరికింది. మూడేళ్ళు, వారానికోసారి ఆ తలుపు తట్టాను, తమ్ముడు తల అడ్డంగా ఊపాడు, నేను తిన్నాను, గిన్నెలు కడిగాను. అప్పుడప్పుడూ ఉప్పు చాల్లేదన్నాను. చివరికి ఆ చారు తాగితే చెంబెడు నీళ్ళు తాగాల్సి వచ్చేది. నా అబద్ధానికి నాకు సిగ్గేసేది. కానీ ఆ "అట్నా!" వినకుండా ఇంటికి పోలేకపోయేదాన్ని.

సమాధి రోజు తమ్ముడు చర్చి గేటు బయటే నిలబడి వెళ్ళిపోయాడు. రెండో రోజు పొద్దున మా తలుపు తట్టాడు.

"నువ్వు తెస్తాంటివే, ఆ చారు... ఇంగా ఉండాదా?"

చారు వేడి చేసి, నూడుల్సు ఉడికించి, మామ క్యారియర్ గిన్నెలోనే పోసిచ్చాను. మూడువేళ్ళ చేతిలో గిన్నె పెట్టుకుని ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు.

"మాయన్న ఇంత ఉప్పు ఎయ్యడే."

"ఆ ఉప్పు నాది చిన్నమామా" అన్నాను. దాచకుండా అంతా చెప్పేశాను.

"అయితే నేను తింటాండాననే అనుకున్యాడా?"

"అట్లే అనుకున్యాడు."

ఆయన తల దించుకుని చివరి చుక్క వరకూ తాగాడు. చెంబుతో నీళ్ళు పెట్టాను, ముట్టుకోలేదు. లేచి గిన్నె పట్టుకుని మా కొళాయి దగ్గరకు వెళ్ళాడు. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. చాలాసేపు కడిగి, రోడ్డు దాటి, మామ ఇంటి అరుగు మీద దాన్ని బోర్లించి వెళ్ళిపోయాడు.

నేను గడపలో నిలబడి చూస్తున్నాను. గిన్నె అంచు నుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. ఏమన్నాడని అడగడానికి ఆ గేటు దగ్గర ఎవరూ లేరు.