రబ్బరు చెప్పుల ఇల్లు

వీధిలో అందరూ ఆమెను బొంగరం పిన్ని అంటారు. ఆ పేరు పెట్టింది కట్టుకున్నవాడే. పెళ్ళయిన కొత్తలో కూర్చుని అన్నం తినమంటే, కంచం చేత్తో పట్టుకుని గది గదికీ తిరుగుతూ తిన్నదట. ఆ తిరుగుడు ఇప్పటికీ ఆగలేదు. వయసులో ఉన్నప్పటినుంచీ ఒక క్రెష్‌లో ఆయాగా పని చేసింది. పసిపిల్లల వెంట పరుగెత్తే ఉద్యోగానికి అలాంటి కాళ్ళే కావాలి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. చిక్కంతా ఆ క్రెష్ మూతపడ్డాక వచ్చింది. యజమానురాలు స్థలం అమ్మేసుకుని చేతులు దులుపుకుంది. పిన్ని ఇంటికొచ్చి పడింది.

ఇంట్లో ఏముంది చేయడానికి? మడిచిన బట్టలే మళ్ళీ మడిచేది. తుడిచిన గచ్చే తుడిచేది. ఎక్కడో ఎవరో పిల్ల ఏడుస్తున్నట్టనిపించి గుమ్మంలోకి పరుగెత్తేది. చూస్తే ఎవరూ ఉండరు. అలా ఉత్తపుణ్యానికి పరుగెత్తి పరుగెత్తి, చివరికి ఒకనాడు ముందువైపు రెండు గదులూ ఖాళీ చేసి సున్నం కొట్టించింది. తన క్రెష్ తనే పెట్టుకుంటానంది. పాతచోట పిల్లని వదిలిన నర్సు ముందుగా మాటిచ్చింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు తల్లులు ఒప్పుకున్నారు. ఒకటో తారీకున తెరవాలి. నర్సుకు అదే రోజున డ్యూటీ మారుతుంది, ఆ రోజుకి తలుపు తీయకపోతే పిల్లని ఇంకోచోట చేర్చక తప్పదంది. అనుమతి ఇచ్చే ఆఫీసువాళ్ళు అన్నీ చూసి, అంతా బాగానే ఉంది, ఇంటి కరెంటుకి భద్రతా సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకోమన్నారు.

అదేం పెద్ద పని, ఇంట్లో మొగుడే కరెంటు మనిషి కదా అనుకుంది పిన్ని.

నిజమే. ఆయన మోటార్లు రిపేరు చేస్తాడు. కాలిపోయిన మోటారు ఏదైనా ఆయన చేతిలో పడితే మళ్ళీ గిర్రున తిరగాల్సిందే. ఈ ఇంటి వైరింగంతా ఆయన స్వయంగా చేసుకున్నదే. ఒక్క ఎర్త్ తీగ మాత్రం వేయలేదు. ఎక్కడన్నా కరెంటు దారి తప్పితే మనిషి ఒంట్లోంచి కాకుండా తిన్నగా నేలలోకి దింపేసే తీగ అది. దానికి పెరట్లో గొయ్యి తవ్వాలి. తర్వాత చూద్దాంలే అన్నాడు ఆయన. ఆయనకు ఊతపదం లాంటిదా మాట. పెళ్ళికి తప్ప అన్నిటికీ అదే అన్నాడని పిన్ని దెప్పుతుంది.

ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాలేదు గానీ, దాని బదులు ఇంట్లో ఒక అలవాటు వచ్చింది. లోకంలో అందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొస్తారు. వీళ్ళు బయట ఒక జత విడిచి, లోపలికొచ్చి రబ్బరు జత తొడుక్కుంటారు. ఫ్రిజ్ తెరవాలన్నా, బట్టల మిషను ముట్టుకోవాలన్నా ముందు కాలికి రబ్బరు చెప్పు. ఎవరికీ అది వింతగా తోచడం ఎప్పుడో మానేసింది. చుట్టాలొస్తే మంచినీళ్ళతో పాటు చెప్పులు కూడా ఇస్తారు.

ఇంకో అలవాటు కూడా ఉంది. ఎంత ఒంట్లో బాగోకపోయినా సరే, పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి పాలగిన్నె తీసి పొయ్యి మీద పెట్టేది ఆయనే. ఆయన లేవకముందు ఆమెను వంటింట్లో అడుగు పెట్టనివ్వడు. ఈ సంగతి పిన్ని వీధంతా చాటింది. మా ఆయన నోటితో ఒక్క ముద్దు మాట చెప్పడు గానీ, నాకోసం పాలు మాత్రం ఆయనే తీస్తాడని చెప్పుకుని మురిసిపోయేది. విన్నవాళ్ళు ఇంటికెళ్ళి తమ మొగుళ్ళని ఆడిపోసుకునేవారు.

సర్టిఫికెట్ మాట వచ్చాక ఆయన ఒక ఉపాయం చేశాడు. పిల్లలుండే ముందు గదులవరకే తనిఖీ అడిగాడు. ఆ రెండు గదులకీ కొత్త వైరు లాగి, వీధి గోడ పక్కన చిన్న గొయ్యి తీసి ఎర్త్ వేశాడు. వెనకవైపు సంగతి తర్వాత చూద్దామన్నాడు. పిల్లలు వంటింట్లోకి రారు కదా అన్నాడు. పిన్ని తలూపింది గానీ మనసు పీచుపీచుమంటూనే ఉంది. పిల్లలు రాని చోటంటూ ఒకటుందా? అందుకని తనకు తోచిన జాగ్రత్త తను చేసింది. బజారంతా గాలించి చిట్టి చిట్టి రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చింది. ఎవరివి వాళ్ళు పోల్చుకోవడానికి ఒక జతకి బాతు బొమ్మ, ఒక జతకి కుందేలు, ఒక జతకి ఏనుగు అంటించి వంటింటి గుమ్మం పక్కన వరసగా పేర్చింది. ఆయన వాటిని చూశాడు. చూసి, ఏమీ అనకుండా షాపుకి వెళ్ళిపోయాడు.

తనిఖీ రోజున పిన్నిని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. కాలుగాలిన పిల్లిలా వీధిలోకీ లోపలికీ తిరిగింది. వచ్చిన ఇన్‌స్పెక్టరు కుర్రవాడే, నెమ్మదస్తుడు. మీటరు బోర్డు విప్పి చూశాడు. ప్రతి ప్లగ్గులోనూ తన పరికరం గుచ్చి చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. బోర్డు దుమ్ముతో చేతులు నల్లబడ్డాయి, కడుక్కోవడానికి నీళ్ళెక్కడని అడిగాడతను. రండి బాబూ అంటూ ఆమె తనే ముందు నడిచింది. ఆయన గబగబా వాళ్ళ వెనకే నడిచాడు.

వంటింటి గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు.

"ఈ చిన్న చెప్పులు ఎవరివమ్మా?"

"పిల్లలవి బాబూ. ఇటువైపు వచ్చినప్పుడు వేసుకుంటారని."

"ఎందుకు?"

"ఎందుకేమిటి, ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది కదా" అంది పిన్ని, అందరి ఇళ్ళలోనూ ఉన్న సంగతే చెబుతున్నట్టు.

వెనక ఆయన గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు వినబడ్డాక గానీ తనేమందో ఆమెకు అర్థం కాలేదు. తలకొట్టేసినట్టయింది. ఇన్‌స్పెక్టరు మందలించలేదు. వంగి బాతు బొమ్మ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. అతని అరచేతిలో సగం కూడా లేదది.

"వేసుకుంటారా అమ్మా, పిల్లలు?" అన్నాడు.

ఆ మాట అడగాల్సింది పిన్నినే. తన చేతుల మీదుగా ఎంతమంది పెరిగారో ఆమెకే లెక్క తెలియదు. వాళ్ళలో ఒక్కరు కూడా చెప్పు కాలికి ఉంచుకున్న పాపాన పోలేదు. తొడిగి ఇటు తిరిగేలోపు ఒకటి మంచం కింద ఉంటుంది, ఇంకొకటి బకెట్లో ఉంటుంది. ఇది తెలిసీ తను బొమ్మలు అంటిస్తూ కూర్చుంది. సిగ్గు ముంచుకొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. ఒకటో తారీకు కళ్ళముందు కదిలింది. గదుల సున్నం వాసన ఇంకా పోలేదు.

"సర్టిఫికెట్ రాయకండి బాబూ. ఇల్లంతా చూడండి" అంది.

అతను చూశాడు. ఫ్రిజ్ దగ్గరా, బట్టల మిషను దగ్గరా తల అడ్డంగా ఊపాడు. ఇల్లంతటికీ ఎర్త్ వేయించి మళ్ళీ కబురు చేయమని చెప్పి వెళ్ళాడు. పిన్ని ఆ క్షణానే నర్సుకి ఫోను చేసి, జరిగింది జరిగినట్టు తనే చెప్పేసింది.  అయితే వేరే చోట చూసుకుంటానండీ అంది నర్సు.

ఆయన పెరటి మెట్టు మీద మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. పిన్ని ఆయన చుట్టూ తిరుగుతోంది. చిన్న చెప్పులు చూసిన రోజున ఒక్క మాట ఎందుకనలేదని నిలదీసింది. 

"నాకు భయమే. ఎప్పటినుంచో" అన్నాడు ఆయన. "నిద్రమత్తులో ఉత్త కాళ్ళతో వెళ్ళి ఫ్రిజ్ పట్టుకుంటావని. అందుకే పాలు నేను తీసేది."

పిన్ని తిరుగుడు ఠక్కున ఆగిపోయింది. వీధంతా చాటుకున్న మురిపెం ఇదా అనిపించింది. కోపంతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

"భయమేసిన మనిషి గొయ్యి తవ్వాలి గానీ, పాలు తీయడమేమిటండీ?"

 మర్నాడు ఆయన షాపు తెరవలేదు. గునపం పట్టుకుని పెరట్లో దిగాడు. సాయం వస్తామన్నవాళ్ళని కూడా వద్దన్నాడు. గోడలన్నీ గీరి, తీగలన్నీ మార్చి, పని పూర్తిచేసేసరికి ఒకటో తారీకు వచ్చి వెళ్ళిపోయింది. అన్నాళ్ళూ పిన్ని ఆ గొయ్యి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూనే ఉంది. ఇంత కష్టపడి తెరిచాక పిల్లలు రాకపోతే అన్న దిగులు ఆమెను నిద్రపోనివ్వలేదు.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి ఇల్లంతా చూశాక సర్టిఫికెట్ గోడకెక్కింది. మొదటి రోజు ఎవరూ రాలేదు, ఒప్పుకున్న ఆ ఇద్దరు తల్లులు కూడా. రెండో రోజు నర్సు చంకన పిల్లతో గుమ్మంలో కనబడింది. వేరే చోట చేరిస్తే పిల్ల అన్నం ముట్టడం లేదట. చెప్పి, బస్సు టైమయిందని పరుగెత్తింది.

ఆ పిల్ల కిందికి దిగడమే తరువాయి, కాళ్ళకున్నవి చెరోవైపు విసిరేసి లోపలికి తుర్రుమంది. పిన్ని వెనకాలే పరుగెత్తేసరికి, పిల్ల రెండు చేతులూ, చెంపా ఫ్రిజ్ తలుపుకి ఆనించి నిలబడి ఉంది. ఉత్త కాళ్ళు, తడి గచ్చు. పిన్ని గుమ్మం పట్టుకుని ఆగిపోయింది.  ఏమీ కాలేదు. చల్లగా ఉందని పిల్ల నవ్వింది. వంటింటి కిటికీ అవతల ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన కూడా పిల్ల కాళ్ళకేసే చూస్తున్నాడు. పిన్ని ఉన్నచోటే చతికిలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

మర్నాడు పొద్దున ఆమెకు మెలకువ వచ్చేసరికి ఆయన వంటింట్లో ఉన్నాడు. ఫ్రిజ్ తలుపు తెరిచి పాలగిన్నె తీస్తున్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు.

"ఇప్పుడెందుకండీ ఇంకా?" అంది పిన్ని గుమ్మంలోంచి.

ఆయన వెనక్కి తిరగలేదు. "నువ్వు కూర్చో" అన్నాడు.

ఆ పూట పిన్ని టీ కూర్చునే తాగింది.