తోక బరువెక్కిన పెళ్ళి విమానం

విమానాన్ని ఆపాలంటే తుఫానులూ పొగమంచూ అక్కర్లేదు. మా పెద్దమ్మా, ఆమె మాట జవదాటని నేనూ చాలు. మీనంబాకం విమానాశ్రయంలో ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, ఆకాశంలో మచ్చుకి ఒక్క మబ్బయినా లేని రోజున, అంత పెద్ద విమానాన్ని నేను కదలకుండా కూర్చోబెట్టాను. ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, మీ ఇంట్లో పెళ్ళి పనులు నడుస్తుంటే కాస్త జాగ్రత్తగా నవ్వండి.

అప్పట్లో నేను ఒక పెద్ద విదేశీ విమాన సంస్థలో కొత్తగా చేరాను. పేరు చెప్పను, వాళ్ళకీ పరువుంటుంది. బోర్డింగ్ పాసులిచ్చే కౌంటర్లో నా శిక్షణ ఆ వారంతో ముగుస్తుంది. డ్యూటీ మేనేజరు సెల్వం సారు ‘సరే’ అంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే టి. నగర్‌లో మా ఇంటికి తిరుగు ప్రయాణం. మా నాన్న అప్పటికే వీధిలో అందరితోనూ, విమానాన్ని నేనే నడుపుతున్నంత గొప్పగా చెప్పేశాడు. శిక్షణలో సంస్థ చరిత్రంతా బట్టీ పట్టించారు. మొదట్లో వాళ్ళకున్నది టపా సంచులు మోసే ఒకే ఒక చిన్న విమానమట, దాని రొద భరించలేక పైలటు చెవుల్లో దూది పెట్టుకునేవాడట, ఇప్పుడు ఎక్కడెక్కడి ఖండాలకో ఎగురుతున్నారట. అంతా నాకు నోటికొచ్చు. విమానంలో బరువు ముందూ వెనకా సమంగా సర్దాలనే పాఠం చెప్పిన రోజు మాత్రం కడుపునిండా పెరుగన్నం తినివచ్చి, వెనక బెంచీలో కునుకు తీశాను.

ఎన్నూరు రోడ్డులో లారీలు తిప్పే మా పెద్దమ్మావాళ్ళు కూతురి పెళ్ళి బ్యాంకాక్ దగ్గర సముద్రం ఒడ్డున పెట్టుకున్నారు. మెరీనా పక్కన పుట్టి పెరిగినవాళ్ళు సముద్రం కోసం దేశం దాటడమేమిటని నన్నడగకండి. నేనడిగి తిట్లు తిన్నాను. మావాళ్ళూ, వియ్యాలవారూ కలిసి ఒక చిన్న ఊరంత జనం మా విమానానికే వచ్చారు. ఆ రోజు మామూలుగా వచ్చేదానికి బదులు పెద్ద విమానం వచ్చింది. సగానికి పైగా ఖాళీ.

పెద్దమ్మ నేరుగా నా కౌంటరుకే వచ్చింది.

“అమ్మణ్ణీ, మనోళ్ళందరికీ ఒకే తావున సీట్లు వెయ్యి. ఆడొకరు ఈడొకరు కూర్చుంటే పెళ్ళి కళ ఏముంటాది?”

“సీట్లు కంప్యూటరే ఇస్తుంది పెద్దమ్మా.”

“దానికేం తెలుసే? దానికేమన్నా పెళ్ళయిందా?”

ఈలోగా పెళ్ళికొడుకు పెదనాన్న నాయుడుగారు చేతికర్ర తాటిస్తూ వచ్చారు. మగపెళ్ళివారిలో ఆయనదే చివరి మాట.

“మాకు బాత్రూము దగ్గరగా ఉండాల. ముందే చెప్తా ఉండా.”

విమానం పటం చూశాను. తోక దగ్గర బాత్రూములున్నాయి, పక్కనే వంటగది ఉంది, సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. పెళ్ళి విడిదికి ఇంతకంటే ఏం కావాలి? ఆడపెళ్ళివారినీ మగపెళ్ళివారినీ గంపగుత్తగా తీసుకెళ్ళి తోకలో సర్దేశాను. కంప్యూటరు ఎర్ర అక్షరాల్లో ఏదో గొణిగింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని దాన్ని కసురుకుని మీట నొక్కాను.

అందరూ ఎక్కాక సెల్వం సారు పరుగెత్తుకొచ్చారు. ఆయనది మదురై, నాతో తమిళంలోనే మాట్లాడతారు. మీ కోసం తెలుగులో చెబుతున్నాను, తిట్లు వదిలేసి.

“ఏంటమ్మా ఇది! ఇంతమందిని తోకలో కూర్చోబెట్టిందెవరు?”

“నేనే సార్!” అన్నాను, మెచ్చుకుంటారేమోనని.

“పెళ్ళి సామానంతా కూడా వెనక అరలోనే ఉంది. ముందంతా ఖాళీ. ఈ తూకంతో కదలనంటున్నాడు కెప్టెన్. నీ చుట్టాలే కదా, సగం మందిని లేపి ముందుకు తీసుకురా. తేలేకపోతే వాళ్ళతోపాటు నువ్వూ ఎక్కి వెళ్ళిపో, ఇక్కడికి మళ్ళీ రావద్దు!”

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. ఆ పిల్లిని నేనేనని అప్పుడు అర్థమైంది.

లోపలికెళ్ళి పెద్దమ్మకు సంగతి చెప్పాను.

“తూకమేందే? మా లారీలో ముందర డ్రైవరొక్కడే, సరుకంతా ఎనకే గదా! అది పోతా ఉండలా?”

“ఇది లారీ కాదు పెద్దమ్మా. సగం మందైనా ముందుకెళ్ళాలి.”

“ఆడపెళ్ళోళ్ళం మనం ముందర కూర్చోని, మగపెళ్ళోళ్ళని ఎనక కూర్చోబెడతామా? లోకం నవ్వతాది. పోవాలంటే వాళ్ళనే పంపు.”

నాయుడుగారి దగ్గరికెళ్ళి చేతులు జోడించాను. “మామయ్యగారూ, విమానం తూకం కోసం మీరంతా కాస్త ముందుకు రావాలి.”

“మమ్మల్ని తూకానికి పెడతా ఉండారా? మేమేమన్నా బెల్లమా?” ఆయన కర్ర నేలకు తాటించారు. “కూర్చున్నోళ్ళని లెయ్యమంటే ఊరికే లేస్తామా? దానికో పద్ధతి ఉండాది. ఎదుర్కోలు చెయ్యండి. పానకం ఇచ్చి, పన్నీరు చల్లి, మేళంతో పిలవండి. వస్తాం.”

అదే సమయానికి మైకులో కెప్టెన్, చిన్న సాంకేతిక కారణం వల్ల ఆలస్యమవుతోందని క్షమాపణ చెప్పాడు. ఆ చిన్న సాంకేతిక కారణం జరీ పంచె కట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని నా ఎదురుగా కూర్చుంది.

ఏం చేస్తాను? ఉద్యోగం నాది. పానకానికి బదులు వంటగదిలోని నారింజ రసం గ్లాసుల్లో పోయించాను. పన్నీరుకు బదులు పెద్దమ్మ తన సంచీలోని సెంటు సీసా తీసింది. ఎవరో ఫోనులో నాదస్వరం పెట్టారు. ఎయిర్‌హోస్టెస్ పళ్ళెం పట్టుకుని ముందు నడిచింది, పెద్దమ్మ ఆ పిల్లకు కూడా బొట్టు పెట్టింది. వెనకే నాయుడుగారు, ఆయన వెనక మగపెళ్ళివారంతా, రెండు సీట్ల వరసల మధ్య అడుగులో అడుగు వేసుకుంటూ ఊరేగింపుగా కదిలారు. విదేశీ ప్రయాణికులు సీట్లెక్కి వీడియోలు తీశారు. తలుపు దగ్గర తల పట్టుకుని నిలబడ్డ సెల్వం సారు మీద కూడా పెద్దమ్మ సెంటు చల్లింది.

మగపెళ్ళివారు ముందు వరసల్లో కూర్చున్నారు. గండం గడిచిందనుకున్నాను. సారు ఫోను మోగింది. విని, నా వైపు తిరిగారు.

“ఇప్పుడు ముక్కు బరువైందట.”

వెనక్కి చూద్దును కదా, తోకలో నరపురుగు లేదు. ఎదుర్కోలుకు వచ్చిన మావాళ్ళంతా మగపెళ్ళివారి పక్కనే చతికిలబడ్డారు.

“పెద్దమ్మా, మీరు వెనక్కి వెళ్ళాలి!”

“ఎదురుకోని తీసుకొచ్చి, అట్టే ఒదిలేసి పోతామా? మర్యాద కాదూ!”

నాకు ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. ఆ ఏడుపులోంచే బుర్రలో ఏదో వెలిగింది. గొంతు పెంచి అన్నాను: “భోజనాలు వెనకనుంచి వడ్డిస్తారంట!”

మా చుట్టాలు రెప్పపాటులో తోకలో ఉన్నారు. నాయుడుగారు కూడా సగం లేచారు. “మీకు ముందునుంచే మామయ్యగారూ!” అని దాదాపు ఆయన కాళ్ళ మీద పడి కూర్చోబెట్టాను. తలుపు మూశారు. విమానం కదిలింది.

సెల్వం సారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆయన చొక్కా మల్లెపూల వాసన వేస్తోంది.

“ఉద్యోగం ఉంటుందమ్మా,” అన్నారు చివరికి. “కౌంటర్లో కాదు, కార్గోలో. అక్కడ పెట్టె మీద పెట్టె పెట్టినా ఏదీ అలగదు.”

ఇంత జరిగాక పెద్దమ్మ సిగ్గుపడి ఉంటుందని మీరనుకుంటారు. మర్నాడు బ్యాంకాక్ నుంచి ఫోను చేసింది. “అమ్మణ్ణీ, ఆకాశంలో ఎదుర్కోలు ఎవురికి జరిగిందని నాయుడుగారు ఒకటే సంబరం! నా ఆడబిడ్డ కొడుకు పెళ్ళికి గూడా అట్టనే పెట్టించు. ఈసారి మేళాన్ని గూడా ఎక్కిస్తాం.”

కనుక, సింగపూరు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్న ఈ మునక్కాయల పెట్టె మీద కుడిచెయ్యి వేసి, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ముహూర్తం మించిపోయినా, పెద్దమ్మ ముఖం చూడనన్నా, మగపెళ్ళివారు రన్‌వే మీద బైఠాయించినా, ఈ జన్మలో నా చుట్టాలెవరికీ సీటు వెయ్యను. మరీ బలవంతపెడితే పెట్టెలో పెట్టి, లేబులంటించి, తూకం చూసి ఎక్కిస్తాను.