బూజు గుంత

దానిమ్మ తోట యజమానిని ఊళ్లో అందరం పెద్దాయన అంటాం. తోటకు పురుగుమందు కొట్టిన రోజు ఆయన మనుషులు డ్రమ్ములూ స్ప్రేయర్లూ బోరు దగ్గర కడుగుతారు. ఆ కడుగునీళ్లు పిల్లకాలువ వెంట కిందున్న కుంటలోకి పోయేవి. ఎండాకాలం మా చుట్టుపక్కల తడి కనిపించేది ఆ కుంటలోనే. నా బతుకంతా గొర్రెలే, అవి తాగేదీ అక్కడే. ఒక వేసవిలో గొర్రెపిల్లలు కాళ్లు కొట్టుకుంటూ చచ్చాక, మిగిలినవాటిని కట్టేసి బిందెలతో కుళాయి నీళ్లు మోశాను. మా ఊరి కుళాయి ఎప్పుడొస్తుందో కుళాయికే తెలీదు.

తర్వాత వ్యవసాయ కాలేజీ వాళ్లు వచ్చి కాలువకు అడ్డంగా ఒక గుంత తవ్వించారు. వేరుశనగ పొట్టు, జొన్న చొప్ప ముక్కలు, మాగిన పేడ, మట్టి కలిపి నింపారు. ఆ పొట్టులో పెరిగే బూజూ, కంటికి కనపడని జీవులూ మందును తినేస్తాయట. వడకట్టిన నీళ్లు అడుగు గొట్టంలోంచి కుంటకు పోతాయట. గుంత నా పొలం గట్టునే ఉంది కాబట్టి, అది ఎండకుండా తడిపే పని నాకు చెప్పారు.

బూజంటే మాకు పగ. వేరుశనగ గోతాంలో బూజు పడితే ఆ ఏటి కష్టం పెంటలో పోసినట్టే. అలాంటిదాన్ని నీళ్లు పోసి సాకాను. పొట్టు మీద తెల్లటి పోగులు అల్లుకున్నాయి. తొలి వాన మట్టి వాసన వచ్చేది. కాలేజీ వాళ్లు కుంట నీళ్లు పరీక్ష చేయించి, తాపొచ్చన్నారు. గొర్రెలను విప్పాను. ఆ ఈతలో పుట్టిన పిల్లలన్నీ బతికాయి.

ఆ గుంతను చూడ్డానికి ఒక నాయకుడు వస్తున్నాడని కబురొచ్చింది. ముందురోజు పెద్దాయన వచ్చి గుంతలోకి తొంగి చూశాడు.

"ఏమ్మే, ఇంత బూజు పట్టించినావేంది?"

"మందును తినేది అదే కదన్నా. అది బతికుంటేనే నీళ్లు బాగుండేది."

"మా నాయన కాలం నుంచి బూజుతో కొట్లాడతాండాం. రేపు ఆయప్ప చూసి, తోటకంతా తెగులంట అని పోతే ఎవరు జవాబు చెప్పేది? నువ్వా?"

"కాలేజీ వాళ్లకు ఒక ఫోన్ చేయన్నా."

"వాళ్లకు నెల తిరిగితే జీతమొస్తాది. నాకు కాయ రావల్ల." కూలి మనిషి వైపు తిరిగాడు. "దానిమ్మకు కొట్టే బూజు మందే కొట్టప్పా. బాగా తడవల్ల."

కొట్టాడు. తెల్లారి దాని మీద బంతిపూలు చల్లారు, కొబ్బరికాయ కొట్టారు, కుంట గట్టున బోర్డు పాతారు. నాయకుడు వంగి చూసి, "శుభ్రంగా ఉండాదే" అన్నాడు. పెద్దాయన నా వైపు చూసి నవ్వాడు.

బూజు చచ్చిందని గొర్రెలను మళ్లీ కట్టేశాను. నీళ్ల వాసన తెలిసిన గొర్రెను తాడు ఎంతకాలం ఆపుతుంది? రెండు తల్లులు తెంపుకుని పోయి, కుంట గట్టునే నురగలు కక్కి పడిపోయాయి. కాలేజీ వాళ్లు వచ్చి, పొట్టు మార్చి మొదట్నుంచీ పెంచాలన్నారు. తన దగ్గరున్న పొట్టంతా ఇటుకల బట్టీకి తోలేశానని పెద్దాయన చెప్పాడు. వాళ్లు మళ్లీ రాలేదు. మిగిలిన గొర్రెలను అమ్మేశాను.

మొన్న మడకశిర వైపు నుంచి ఒక గొర్రెల కాపరి మంద తోలుకొచ్చాడు.

"ఏమవ్వా, ఆ బోర్డు మీద ఏం రాసినారు?"

తల నెరిశాక నేర్చుకున్న అక్షరాలు నావి. కూడబలుక్కుని చదివాను. ఈ నీరు పశువులకు సురక్షితం.

అతను మందను అదిలించాడు.

"తాపొద్దు నాయనా."

"రాసిందొకటి, నువ్వు చెప్పేదొకటా? నీ గొర్రెలకు దాచుకుంటాండావా?"

"నాకు యాడుండాయి గొర్రెలు? ఆ గట్టు కింద చూడు, ఎముకలుండాయి."

చూశాడు. మందను మళ్లించుకుపోయాడు.

బోర్డు పీకితే పెద్దాయన ఊరుకోడు. అందుకే మందలు దిగే కాలంలో దాని కిందే కూర్చుంటున్నాను. చదువురాని వాళ్లు ఏం రాశారని నన్ను అడుగుతారు, అప్పుడు చెప్తాను. నా భయం చదువొచ్చిన వాళ్లతోనే. వాళ్లు నన్ను అడగరు.